నిండిన చేతులు: దేవునికి ప్రతిష్ఠించుకున్న జీవితానికి కొలతలున్నాయి

ఉజ్జీవ కూడికల ఆఖరి రాత్రి. పాట పల్లవి మెల్లగా మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. "ప్రభువుకు నిన్ను నువ్వు సమర్పించుకుంటావా?" అని సేవకులు అడుగుతారు. చేతులు లేస్తాయి, కొందరు ముందుకు వెళ్ళి మోకరిస్తారు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, వాటిని తక్కువ చేయకూడదు. కానీ నెల తిరిగాక "ఆ రాత్రి ఏం సమర్పించావమ్మా?" అని అడిగితే "అంతా" అనే జవాబే వస్తుంది. అంతా అనే మాటకు అంచు లేదు. అంచు లేని మాటను నిలబెట్టుకున్నామో, తప్పామో తేల్చుకునే దారి లేదు. అందుకే చాలామంది ఏడాదికోసారి అదే కూడికలో అదే "అంతా"ను, మరికాస్త అపరాధభావంతో మళ్ళీ సమర్పిస్తుంటారు.

లేఖనాల్లో ప్రతిష్ఠ ఇలా ఉండదు. అక్కడ తూకాలుంటాయి, రోజుల లెక్క ఉంటుంది, చూసేవాళ్ళుంటారు, తప్పితే ఏం చేయాలో రాసి ఉంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టుకు పోయేవారికైనా, మధురవాడలో కంప్యూటర్ ముందు కూర్చునేవారికైనా, కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) వార్డులో రాత్రంతా నిలబడే నర్సుకైనా ఈ కొలతలే ఆధారం. ఇవి లేనిచోట భక్తి ఎంత ఉన్నా ప్రతిష్ఠ నిలవదు.

మాటలోనే ఉన్న దారి

తెలుగులో ప్రతిష్ఠ అనగానే రెండు అర్థాలు ముందుకొస్తాయి: ఒకటి గుడిలో విగ్రహ ప్రతిష్ఠ, రెండోది పరువు ప్రతిష్ఠ. బైబిలు తెలుగులోకి వచ్చినప్పుడు ఈ మాట మూడో బరువు మోయాల్సి వచ్చింది. దాని వెనక హీబ్రూలో ముఖ్యంగా మూడు వేర్వేరు మాటలున్నాయి. "కదోష్" అంటే వేరుగా ఉంచినది, పరిశుద్ధమైనది. "నాజీర్" అంటే కొన్నిటికి దూరంగా తనను ప్రత్యేకించుకున్నవాడు. యాజకులను ప్రతిష్ఠించేటప్పుడు వాడిన మూడోమాట మనకు అంతగా తెలియదు. దాని అక్షరార్థం "చేతిని నింపడం."

అది అలంకారం కోసం అన్న మాట కాదు. లేవీయకాండము 8వ అధ్యాయంలో మోషే నిజంగానే చేతులు నింపాడు. ఒక పొంగని రొట్టె, నూనెతో చేసిన ఒక రొట్టె, ఒక పలుచని అప్పడం, పొట్టేలు కొవ్వు, కుడి జబ్బ: వీటిని అహరోను అరచేతుల్లో, అతని కుమారుల అరచేతుల్లో పెట్టాడు. అల్లాడించాక వాళ్ళ చేతుల్లోంచే తీసి బలిపీఠం మీద దహించాడు. ఆ పొట్టేలుకే "నింపుదల పొట్టేలు" అనే అర్థంలో పేరు. అంటే చేతిలో పెట్టినదీ దేవుడిదే, తిరిగి తీసుకున్నదీ ఆయనే. మధ్యలో ఆ బరువు అరచేతికి తెలియాలి, అంతే.

ఈ ఒక్క మాట పట్టుకుంటే ప్రశ్న మారిపోతుంది. "నేను ఏమేం వదిలేయాలి?" అని మొదలుపెట్టినవాళ్ళు సినిమాలు, నగలు, టీ, కాఫీల జాబితా రాసుకుని అక్కడే ఆగిపోతారు. "నా చేతిలో ఏం పెట్టారు?" అని మొదలుపెట్టినవాళ్ళకు పని కనిపిస్తుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌ల చేతిలో పెట్టబడింది ఒక భాష. ఆనందరాయరు సాయంతో తెలుగులోకి సువార్తలు తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఇద్దరూ ఆ పుస్తకం చూడలేదు. వాళ్ళు ఇల్లూవాకిలీ వదిలి వచ్చారన్న సంగతి కంటే, ఆ నాలుగైదేళ్ళు చేతిలో ఏం పట్టుకున్నారన్నదే మనకు మిగిలింది.

ఇదివరకే దేవుడిదైనదాన్ని మొక్కుకోలేం

లేవీయకాండము ఆఖరి అధ్యాయం చాలామంది దాటేసే అధ్యాయం. చదివితే చిల్లర కొట్టు లెక్కలా ఉంటుంది. నిజానికి ప్రతిష్ఠ గురించి ఇంత ఆచరణాత్మకమైన భాగం మరొకటి లేదు. ఎవరైనా ఒక మనిషిని యెహోవాకు మొక్కుకుంటే దానికి వెల ఉంది: 20 నుంచి 60 ఏళ్ళ మగవాడికి 50 తులాల వెండి, ఆడమనిషికి 30. అరవై దాటితే 15, 10. ఆ వెల కట్టలేని పేదవాడు వస్తే యాజకుడు అతని కలిమిని బట్టి వెల నిర్ణయించాలి. ఇల్లు ప్రతిష్ఠించి మళ్ళీ కావాలనుకుంటే వెలకు ఐదో వంతు కలిపి విడిపించుకోవచ్చు. ఈ ఐదో వంతు చాలా తెలివైన ఏర్పాటు. ఆవేశంలో ఇచ్చినవాడికి వెనక్కి వచ్చే దారి మూసేయలేదు, కానీ ఆ దారి ఉచితంగానూ ఇవ్వలేదు.

అన్నిటికంటే పదునైనది 26వ వచనం. పశువుల్లో తొలిచూలును ఎవరూ ప్రతిష్ఠించకూడదు, ఎందుకంటే అది అప్పటికే యెహోవాది. ఇది మన సాక్ష్యాల్లో సగాన్ని కొట్టివేస్తుంది. "ఈ ఏడాది నుంచి లంచం తీసుకోను అని ప్రభువుకు సమర్పించుకున్నాను" అంటే అది సమర్పణ కిందికి రాదు, అప్పు తీర్చడం కిందికి వస్తుంది. పోర్టులో కంటైనర్ల లెక్క సరిగ్గా రాయడం, ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) వేయని రోడ్డును వేసినట్టు కొలతలు ఎక్కించకపోవడం, ఇంట్లో పనిచేసే మనిషికి ఒకటో తారీకునే జీతం ఇవ్వడం, భార్యను కొట్టకపోవడం: ఇవన్నీ బాకీలు. బాకీ తీర్చాకే కానుక మొదలవుతుంది. తొలిచూలును తెచ్చి మొక్కుబడి అని చెప్పుకోవడం సంఘాల్లో ఎంత మామూలైపోయిందో, దానికి ఎంత చప్పట్లు పడుతున్నాయో చూస్తే బాధ కలుగుతుంది.

పెళ్ళి సంబంధం దగ్గర కులం అడగకపోవడం కూడా ఈ బాకీల్లోదే. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళ దగ్గర వేరైపోతే, ఆ ఇంటి మీద ఎన్ని ఉపవాసాలున్నా తొలిచూలు ఇంకా దొడ్లోనే కట్టి ఉన్నట్టు.

నాజీరు నేర్పే నాలుగు సంగతులు

సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని నాజీరు మొక్కుబడి మామూలు మనిషి కోసం పెట్టినది. లేవీ గోత్రం అక్కర్లేదు, స్త్రీలూ చేయవచ్చు. నిషేధాలు మూడే: ద్రాక్షకు సంబంధించిన ఏదీ ముట్టకూడదు, తల మీద కత్తి పడకూడదు, శవం దగ్గరికి పోకూడదు, అది సొంత తల్లిదండ్రులదైనా సరే. సమ్సోను, సమూయేలు లాంటివారిది జీవితకాలపు సంగతి. మిగిలినవాళ్ళు గడువు పెట్టుకునేవారు. గడువు చెప్పకుండా మొక్కుకుంటే 30 రోజులుగా లెక్కించాలని తరువాతి కాలపు యూదుల ధర్మ సంకలనం మిష్నా నిర్ణయించింది. అపొస్తలుల కార్యములు 18లో పౌలు కెంక్రేయలో తల వెంట్రుకలు కత్తిరించుకున్నది మొక్కుబడి ఉన్నందువల్లే. 21వ అధ్యాయంలో మరో నలుగురి మొక్కుబడి ముగింపు ఖర్చు పెట్టుకోమని ఆయనకు సంఘ పెద్దలు చెప్పారు.

ఈ పద్ధతిని ఈనాటి ఇంటికి తెచ్చుకుంటే నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఏది? ఎన్నాళ్ళు? ఎవరికి తెలుసు? తప్పితే ఏం చేస్తాను? నోటుబుక్కులో నాలుగు వరుసలు చాలు. "ఎక్కువగా ప్రార్థిస్తాను" అన్నది మొదటి ప్రశ్న దగ్గరే పడిపోతుంది. "శ్రమకాలం 40 రోజులు, పని నుంచి వచ్చి స్నానం చేశాక, భోజనానికి ముందు 20 నిమిషాలు, ఒక కీర్తన, దాని మీద ప్రార్థన" అన్నది నిలుస్తుంది.

సమయాన్ని గడియారానికి కట్టడం విశాఖలో చాలామందికి కుదరదు. ఎ, బి, సి షిఫ్టులు మారేవారు "తెల్లవారి నాలుగింటికి" అని మొక్కుకుంటే, సి షిఫ్టు వారం రాగానే అది తప్పుతుంది. నాలుగింటికి వాళ్ళు యంత్రం దగ్గర ఉంటారు. అందుకని గంటకు కాకుండా పనికి కట్టుకోవాలి: నిద్ర లేచిన వెంటనే, అది మధ్యాహ్నం రెండైనా సరే. నిద్ర చంపుకుని చేసే సంపూర్ణ రాత్రి ప్రార్థన తరువాత బండి నడిపి షిఫ్టుకు పోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అలాంటివారు శుక్రవారం రాత్రి కూడికలో ఒక గంట కూర్చుని ఇంటికి వచ్చేస్తే విశ్వాసం తగ్గినట్టు కాదు.

డబ్బు లెక్క కూడా ఇంతే. నెలజీతం 40,000 ఉన్నవారికి దశమభాగం 4,000 అని ఒక్క నిమిషంలో తేలుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద వాటాకు పోయేవారికి తేలదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. నెలకింత అని మొక్కుకుంటే ఆ రెండు నెలలు అప్పు చేసి కానుక వేయాల్సి వస్తుంది. అప్పుతో వేసిన కానుక వడ్డీ వ్యాపారికి వేసినట్టే. వేటకు పోయి వచ్చిన ప్రతిసారీ వాటా చేతికి అందగానే పదో వంతు వేరే డబ్బాలో వేయడం వీరికి సరైన పద్ధతి. కొరింథీయులకు పౌలు చెప్పిందీ ఇదే: ఆదివారం ఆదివారం, ఎవరి వర్ధిల్లిన కొద్దీ వారు, తమ దగ్గరే తీసి పెట్టుకోవడం. కూడికలో పాట ఊపు మీద ఉన్నప్పుడు ఫోను తీసి డబ్బు పంపడం కంటే ఇది ఎంతో ఆరోగ్యకరం. అప్పటికప్పుడు పెద్ద మొత్తం అడిగితే ఒక రాత్రి ఆగడం మంచి నియమం. దేవుడు అడిగినదైతే పొద్దునకూ అడుగుతూనే ఉంటాడు.

ఉపవాసం దగ్గర శరీరానికి చేసే హాని గురించి గట్టిగా చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాక్టరును అడగకుండా చేయకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు చేయకూడదు. మే నెలలో విశాఖ ఉక్కపోతకు నీళ్ళు కూడా మానేయడం ఎవరికీ మంచిది కాదు. కొత్తవారు వారానికి ఒక పూటతో మొదలుపెట్టి, కొన్ని వారాలయ్యాకే సాయంత్రం దాకా పోవాలి. విడిచేటప్పుడు గంజి, మజ్జిగ అన్నం, అరటిపండు. ఉపవాసం విడిచిన పూటే బిర్యానీ తిని కడుపునొప్పితో పడుకునేవారు తక్కువేమీ కాదు. కతోలిక శ్రీసభ చట్టమే విభూది బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసాన్ని 18 నిండినవారి నుంచి 60వ ఏట అడుగుపెట్టేవరకే విధించింది. పెద్దవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

మఠాలు ఎందుకు అంత నిదానంగా నడుస్తాయి

ప్రతిష్ఠిత జీవితం అనే మాటకు కతోలికుల్లో మరింత కచ్చితమైన అర్థం ఉంది. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు ప్రమాణాలతో శ్రీసభ గుర్తించిన రూపంలో జీవించడం. ఇది విశాఖకు కొత్త కాదు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆనెసీ నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీ గురువులు 1846లో ఇక్కడ దిగారు. 1849లో సెయింట్ జోసెఫ్ ఆఫ్ ఆనెసీ కన్యస్త్రీలు యానాం చేరారు. తెలుగు తీరంలో బడులకూ ఆసుపత్రులకూ ఆ చేతులు పడ్డాయి.

బయటివాళ్ళు మఠం అంటే తలుపు వేసేసిన గది అనుకుంటారు. దగ్గర నుంచి చూస్తే అది వరుసగా తెరిచి ఉంచిన తలుపుల దారి. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం 17 ఏళ్ళు నిండనిదే నోవిషియేట్‌లో (ప్రమాణాలకు ముందు శిక్షణ కాలంలో) చేర్చుకోకూడదు. నోవిషియేట్ కనీసం 12 నెలలు, మామూలుగా రెండేళ్ళు దాటకూడదు. ఆ తరువాత తాత్కాలిక ప్రమాణాలు, మూడేళ్ళకు తగ్గకుండా, ఆరేళ్ళకు మించకుండా. అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్ళ దాకా పొడిగించవచ్చు. శాశ్వత ప్రమాణాలకు 21 ఏళ్ళు నిండాలి. ఆస్తి సంగతి కూడా ఒక్కరోజులో తేల్చరు. తాత్కాలిక ప్రమాణానికి ముందు ఆస్తి నిర్వహణను తనకు ఇష్టమైనవారికి అప్పగిస్తారు, వీలునామా శాశ్వత ప్రమాణాలకు ముందైనా రాయాలి. వచ్చిన రోజే అన్నీ రాయించుకోవడం ఎక్కడా లేదు.

దీని పక్కన మన వీధుల్లో జరిగేది పెట్టి చూడండి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒక కూడికలో పిలుపు వచ్చిందని ఉద్యోగం మానేసి మూడో నెలలో సంఘం పెడతాడు. ఏడాదికి అద్దె కట్టలేక తండ్రిని అడుగుతాడు. ఆ పిలుపు అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ పరిచారకులను సైతం మొదట పరీక్షించాలనీ, కొత్తగా చేరినవాడిని అధ్యక్షుడిగా పెట్టకూడదనీ తిమోతికి రాసిన మాటలు ప్రొటెస్టెంట్ల బైబిల్లోనూ ఉన్నాయి. ఉద్యోగం చేస్తూనే రెండేళ్ళు ఒక సేవకుడి కింద పనిచేయడం, నెలకోసారి ఆయన ముందు లెక్క చెప్పడం, తరువాతే నిర్ణయం: ఇది సాధ్యమైన దారి. డేరాలు కుడుతూ సువార్త చెప్పిన పౌలు కంటే తక్కువ సేవ ఏమీ కాదు.

మఠంలోకి పోకుండానే బ్రహ్మచర్యంతో ప్రతిష్ఠించుకునే దారులూ కతోలికుల్లో ఉన్నాయి. సొంత ఇంట్లో ఉంటూ, సొంత ఉద్యోగం చేసుకుంటూ, పీఠాధిపతి చేతుల మీదుగా ప్రతిష్ఠ పొందే కన్యల ఆచారాన్ని 1970లో పునరుద్ధరించారు. లోకంలోనే ఉండి ప్రమాణాలు పాటించే సెక్యులర్ ఇన్‌స్టిట్యూట్‌లను 1947లో పన్నెండో పయస్ పాపుగారు గుర్తించారు. పెళ్ళి వద్దనుకునే అమ్మాయికి ఇంట్లో "ఏదో తేడా ఉంది" అన్న మాటలు పడే మన సమాజంలో ఈ దారులున్నాయని చెప్పేవారే లేరు. విశాఖ అగ్రపీఠం పరిధిలో ఆసక్తి ఉన్నవారు మొదట విచారణ (స్థానిక చర్చి) గురువును, తరువాత పీఠాధిపతి కార్యాలయాన్ని కలవాలి.

అదే శ్రీసభ చట్టం సామాన్యుల మొక్కుబడికీ నిర్వచనం ఇస్తుంది. సాధ్యమైనదీ, మరింత మేలైనదీ అయిన ఒక మంచిని గురించి, ఆలోచించి, స్వేచ్ఛగా దేవునికి చేసే వాగ్దానమే మొక్కుబడి. అన్యాయమైన తీవ్ర భయం పెట్టి గానీ, మోసంతో గానీ చేయించినది చట్టమే చెల్లదంటుంది. "ఈ మొక్కు మొక్కకపోతే నీ బిడ్డకు కీడు" అని ఎవరైనా చేయించిన ప్రమాణాన్ని గుండెల మీద మోస్తున్నవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఇంటివారిని దాటి పోయే ప్రతిష్ఠ

మార్కు 7లో యేసు కోపగించుకున్నది ఒక ప్రతిష్ఠ మీదే. తల్లిదండ్రులకు ఖర్చు పెట్టాల్సినదాన్ని "కొర్బాన్" అని ప్రకటించి, ఇది దేవునికి ఇచ్చేశాను గనుక మీకు ఇవ్వలేనని చెప్పేవాళ్ళుండేవారు. నాన్నగారి బీపీ మాత్రలు ఆగిపోయి మందిర నిర్మాణ నిధి రసీదు ఇంట్లో ఉంటే, అది కొర్బానే.

భార్యాభర్తల మధ్య కూడా ఇదే. కొరింథులో ప్రార్థన కోసం ఎడబాటుకు పౌలు ఒప్పుకున్నాడు గానీ ఇద్దరి సమ్మతితో, కొంతకాలానికే అన్నాడు. భర్తకు చెప్పకుండా 40 రోజుల ఉపవాసం మొదలుపెట్టడం, భార్యను అడగకుండా జీతం ఇచ్చేయడం, రెండూ ఇంట్లో గొడవకే దారి తీస్తాయి, ఆ గొడవను "శోధన" అని పేరు పెట్టి దేవుడి మీదికి నెడతాం. రోమీయులకు రాసిన పత్రిక 12:1లో శరీరాలు అనేకం, యాగం ఒక్కటి. గ్రీకులోనూ అంతే, మన తెలుగు బైబిల్లోనూ అంతే. ఎవరికి వారు విడివిడిగా కాలే కట్టెలు కావు అవి.

అందుకే మూడో ప్రశ్న, ఎవరికి తెలుసు అన్నది, ఊరందరికీ చెప్పడం కోసం పెట్టలేదు. ఇంట్లో ఒకరు, సంఘంలో ఒకరు చాలు. డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన వాక్యం కార్డు తీసుకుంటాం. ఆ రాత్రి దేవుడు మనకిచ్చే మాటే వింటాం, మనం ఇచ్చే మాట ఉండదు. జాన్ వెస్లీ 1755 ఆగస్టు 11న లండన్‌లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన ఆ లోటు తీర్చేది. తరువాత అది మెథడిస్టు సంఘాల్లో ఏడాది మొదట్లో జరిగే ఆనవాయితీ అయింది. కార్డు వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా, ఆ నాలుగు వరుసలు అక్కడ రాసుకోవచ్చు.

తప్పినప్పుడు, ముగిసినప్పుడు

నాజీరు పక్కన హఠాత్తుగా ఎవరైనా చనిపోతే? తప్పు అతనిది కాకపోయినా మొక్కుబడి అపవిత్రమవుతుంది. మోషే ధర్మశాస్త్రం దీన్ని ముందే ఊహించింది. ఏడో రోజు తల క్షౌరం, ఎనిమిదో రోజు రెండు గువ్వలు లేదా పావురాలు, అపరాధ పరిహారానికి ఒక గొర్రెపిల్ల. గడిచిన రోజులు లెక్కలోకి రావు. మళ్ళీ ఒకటో రోజు. ఇందులో ఎక్కడా అతన్ని తిట్టడం లేదు, మొక్కుబడి తీసేసి పంపడమూ లేదు. మనం చేసేది ఇందుకు తిరగబడిన పని: ఒక్కరోజు తప్పగానే సిగ్గుతో మిగతా ముప్పై రోజులూ వదిలేస్తాం, సాక్షిగా ఉన్న అక్కకు ఫోను చేయడం మానేస్తాం. నాలుగో వరుసలో ముందే రాసి ఉంటే ఈ సిగ్గుకు చోటుండదు. "తప్పిన మర్నాడు అక్కకు చెప్తాను, ఆ పూట నుంచి మళ్ళీ మొదలుపెడతాను." అంతే. మొక్కు పెట్టుకున్నదే మోయలేనంత బరువని తేలితే, సాక్షితో మాట్లాడి దానికి సమానమైన మరో మేలుగా మార్చుకోవడానికి కతోలికుల చట్టంలోనూ దారి ఉంది.

గడువు నిండినప్పుడు మూసేయడం కూడా మర్చిపోతాం. నాజీరు ఊరికే లేచి పోడు. ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి బలులతో, పొంగని రొట్టెల గంపతో వస్తాడు. తల వెంట్రుకలు తీసి సమాధాన బలి కింద మంటలో వేస్తాడు. సమాధాన బలి మాంసం కలిసి కూర్చుని తినేది. ఆ తరువాతే ద్రాక్షారసం తాగవచ్చని రాసి ఉంది. మనకూ ఆఖరి రోజు సాయంత్రం ఒక భోజనం కావాలి: సాక్షిగా ఉన్నవాళ్ళను పిలిచి, నోటుబుక్కులోని నాలుగు వరుసలు చదివి, తప్పిన రోజులు తప్పినట్టే చెప్పి, అన్నం, పప్పు, ఓ చేపల పులుసు వడ్డించుకుని తినాలి. మరో మొక్కు పెట్టుకోవాలనిపిస్తే ఆ రాత్రే పెట్టుకోకండి. పొద్దున లేచాక కొత్త పేజీలో రాసుకోండి.